సున్నం తాళం

ఏటవాలు దారిన లోపలికి దిగే ఎర్రమిట్ట ఇంక్లైన్ బొగ్గు గనిలో భూగర్భజలాల సంగతి చూసే అధికారి సదయ్య, గని నుంచి తోడిపోసిన నీళ్లు నిలిచే మడుగులో శవమై తేలాడు. కాలు జారిందన్నారు. ఏళ్ల తరబడి రోజూ ఆ గట్టు మీద నడిచిన మనిషికి కాలు జారిందంటే గోదావరిఖనిలో ఎవరూ నమ్మలేదు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ సారలమ్మకు ఇంకో సంగతి కూడా తెలుసు. సదయ్య ఊపిరితిత్తుల్లో ఉన్న నీళ్లు ఆ మడుగువి కావు.

ఆ వారంలోనే హైదరాబాద్‌లో, బయట ఏ బోర్డూ లేని ఒక భవనంలో, ఏజెంట్ సెవెంటీన్ తన చీఫ్ ఎదుట కూర్చున్నాడు.

ఏజెంట్ అసలు పేరు జగదీశ్వర్. గోదావరిఖని కార్మికవాడలో పుట్టిన గని కార్మికుడి కొడుకు. ఊళ్లో వాళ్ల దృష్టిలో అతను ప్రెషర్ మీటర్లు అమ్మే కంపెనీలో సేల్స్ ఇంజినీరు. చీఫ్ నరసింహమూర్తిది కాకినాడ వైపు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. జగదీశ్వర్‌ను కాలేజీ నుంచే ఏరి తెచ్చి, తుపాకీ పట్టడం దగ్గర్నుంచి నలుగురిలో మాట్లాడడం దాకా అన్నీ ఆయనే నేర్పాడు. జగదీశ్వర్ తండ్రి పోయినప్పుడు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి పాడె పట్టాడు.

నరసింహమూర్తి టేబుల్ మీద ఒక పైపు ముక్క పెట్టాడు. అడ్డంగా కోసిన ముక్క. లోపలి రంధ్రం కనిపించడం లేదు. దాని నిండా తెల్లటి రాయి.

"తుప్పా సర్?"

"రాయి. కావాలని పుట్టించిన రాయి."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఎర్రమిట్టకు ఎగువన మూసేసిన పాత గని ఉంది. దాని నిండా నీళ్లు. ఆ నీటికీ, ఇప్పుడు మనుషులు పనిచేస్తున్న గనికీ మధ్య బొగ్గుతో, ఇసుకరాయితో ఒక అడ్డుగోడ. దాన్నే బారియర్ అంటారు. ఇసుకరాయి చూడడానికి గట్టిగా ఉన్నా లోపలంతా కంటికి కనిపించని సందులే. ఆ సందుల్లోంచి ఊరే నీటిని డ్రెయిన్ హోల్స్ ద్వారా మెల్లగా బయటికి వదులుతూ ఉంటే గోడ మీద ఒత్తిడి పెరగదు. ఆ నీటిలో కాల్షియం ఎక్కువ. పైనుంచి బోరు వేసి అందులోకి సోడా ద్రావణం పంపిస్తే, రెండు నీళ్లూ కలిసిన చోట సున్నపురాయి కడుతుంది. ఒక్కో సందూ మూసుకుపోతుంది. డ్రెయిన్లు ఆగిపోతాయి. వెనక ఒత్తిడి పెరుగుతూ పెరుగుతూ ఒకరోజు గోడ పగులుతుంది.

"బాంబు లేదు, బుల్లెట్ లేదు. తరవాత ఎవరు వెతికినా దొరికేది సున్నం ముక్క. ప్రకృతి చేసిన పని అనుకుంటారు," అన్నాడు నరసింహమూర్తి. "దీని పేరు ప్రాజెక్ట్ చాక్. నడిపేవాడు క్రోన్. అది అసలు పేరు కాదు, ఏ దేశం వాడో తెలియదు. టెర్రావీన్ అనే కన్సల్టెన్సీ పెట్టి, గని నీటిని పరిశోధిస్తున్నామన్న నెపంతో అక్కడ తిష్ఠ వేశాడు. ఎర్రమిట్ట వాడికి షోరూమ్. కొనేవాడొకడు వచ్చి కళ్లారా చూస్తాడు. ఆ కొనేవాడెవడో మనకు కావాలి."

"సదయ్య మనల్ని సంప్రదించాడా?"

"లేదు. ముందే చెప్పి ఉంటే బతికేవాడు. అతను పోయాకే మనకు తెలిసింది."

తరవాత ఆయన, అక్కడ మన మనిషి ఉందన్నాడు. ప్రసూన.

జగదీశ్వర్ పైపు ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తూ ఉండిపోయాడు. ప్రసూన జియోకెమిస్ట్. మూడేళ్ల కిందట డబుల్ ఏజెంట్‌గా క్రోన్ ముఠాలోకి ఆమెను పంపే ముందు శిక్షణ ఇచ్చింది జగదీశ్వరే. శిక్షణలో లేనివి కూడా కొన్ని ఇద్దరూ మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక పెళ్లి మాట చూద్దామని ఆమే అంది. ఆ తరవాత ఆమె ఎక్కడుందో అడిగే హక్కు అతనికి లేకపోయింది.

"మూడేళ్లు వాళ్ల డబ్బుతో, వాళ్ల మధ్య బతికింది," అన్నాడు నరసింహమూర్తి మెత్తగా. "ఇంకా మనదేనా కాదా అన్నది నువ్వే చూడాలి జగదీశ్. నీ కంటే బాగా ఎవరు చూడగలరు?"

బయల్దేరే ముందు సామాను ఇచ్చారు. పెన్నులా కనిపించే ప్రెషర్ గేజ్ ఒకటి, చొక్కా గుండీలో ఇమిడే కెమెరా ఒకటి, ప్రత్యేకమైన ఫోన్ ఒకటి. అన్నీ నేరుగా చీఫ్‌కే చేరతాయి.

*

గోదావరిఖనిలో జగదీశ్వర్ అక్క కనకవ్వ ఇంట్లోనే దిగాడు. ఆమె భర్త పోశం ఎర్రమిట్టలో ఓవర్‌మన్. షిఫ్టులో కింద పనిచేసే మనుషుల బాధ్యత అతనిది. బామ్మర్ది మీటర్లు బిగించడానికి వచ్చాడని విని సంతోషించి, మర్నాడు తన వెంటే లోపలికి తీసుకెళ్లాడు.

బారియర్ దగ్గర డ్రెయిన్ పైపులు వరసగా ఉన్నాయి. ఒకప్పుడు ధారగా పారిన చోట ఇప్పుడు చుక్కలు రాలుతున్నాయి. వాన తక్కువ పడిందనీ, పాత బాయిల, అంటే మూసేసిన గనిలో, నీళ్లు తగ్గి ఉంటాయనీ పోశం అన్నాడు. పైన ఆఫీసులో టెర్రావీన్ వాళ్లు పెట్టిన స్క్రీన్ కూడా అదే చెబుతోంది, ఒత్తిడి తక్కువేనని. పోశం అటు తిరిగినప్పుడు జగదీశ్వర్ పెన్ను మూత తీసి పైపు కుళాయికి ఆనించాడు. స్క్రీన్ చూపిస్తున్న దానికి రెండింతలకు పైనే ఉంది.

బయటికొచ్చి చీఫ్‌కు చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని జవాబొచ్చింది. గని ఖాళీ చేయిస్తే క్రోన్ మాయమవుతాడు, కొనేవాడు దొరకడు. ఇంకా వ్యవధి ఉంది. సమయానికి అంతా సిద్ధం చేస్తానన్నాడు నరసింహమూర్తి. ఆయన చేస్తానన్న పని చేయకపోవడం జగదీశ్వర్ ఇంతవరకు చూడలేదు. ఆ మధ్యాహ్నం అక్క వండిన మటన్ పోశంతో కలిసి తిన్నాడు. మర్నాడు పోశం ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోతుంటే, గడపలో నిలబడి చూశాడు.

*

జ్యోతినగర్ షాపింగ్ కాంప్లెక్స్‌లో జ్యూస్ కొట్టు దగ్గర ప్రసూనను కలిశాడు. నల్ల కళ్లద్దాలు, ముదురాకుపచ్చ పట్టుచీర, ఎర్రటి గోళ్లు. స్కూటర్లు ఆపుకుని జనం చూస్తున్నారు. గూఢచారి జనంలో కలిసిపోవాలని చెప్పే పాఠాన్ని ప్రసూన మొదటి రోజే కొట్టిపారేసింది. అందరూ చూసే మనిషిని ఎవరూ అనుమానించరని ఆమె వాదన.

"ఈ ఎండలో బత్తాయి చేదుగా ఉంటుందేమో," అన్నాడు జగదీశ్వర్.

"ఉప్పు వేస్తే తెలియదు," అంది ఆమె. కోడ్ సరిపోయింది. తరవాత గొంతు తగ్గించి, "బాగా చిక్కావు," అంది.

ఆమె చకచకా చెప్పింది. చివరి డోసు ఒక్కటే మిగిలింది. దాంతో మిగతా డ్రెయిన్లు కూడా మూసుకుపోతాయి. ఆ డోసు రోజున కొనేవాడు వస్తాడు. టెర్రావీన్ గెస్ట్ హౌస్‌లో కూర్చుని అసలైన ఒత్తిడి గ్రాఫ్ చూస్తాడు. కట్టిన సున్నాన్ని విప్పేది యాసిడ్ ఒక్కటే.

"ఇదంతా మూర్తిగారికి రెండు నెలల కిందటే పంపాను. యాసిడ్ ఏర్పాటు ఎంతవరకు వచ్చింది?"

చీఫ్ ఈ మాట చెప్పలేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. పైకి మాత్రం, నడుస్తోందన్నాడు.

సందేశాలు ఎలా పంపుతోందని అడిగాడు. ఆమె నవ్వి, బ్యాగులోంచి పౌడర్ డబ్బా తీసి, అద్దంలో బొట్టు సరిచేసుకుంది. అద్దం వెనక ట్రాన్స్‌మిటర్. "ఇది నాతో ఉన్నట్టు నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మూర్తిగారికి కూడా సందేశం చేరుతుందే తప్ప దేనితో పంపుతున్నానో తెలియదు," అంది.

ఆ సాయంత్రం ఫోన్‌లో నరసింహమూర్తి అంతా విన్నాడు. తరవాత, రెండు నెలలుగా తనకు ప్రసూన నుంచి ఒక్క మాట రాలేదన్నాడు. ఆ గొంతులో నిజమైన బాధ వినిపించింది. ఆమె అటు తిరిగిపోయిందని అర్థమవుతోందనీ, నీకు కష్టంగానే ఉంటుందనీ అన్నాడు. చివర్లో, మామూలు ప్రశ్నలా, ఆమె దేని ద్వారా పంపుతున్నానంటోందని అడిగాడు.

జగదీశ్వర్ చెప్పాడు.

*

మర్నాటి నుంచి ప్రసూన జాడ లేదు. కలుస్తానన్న చోటికి రాలేదు. టెర్రావీన్ ల్యాబ్‌లో మేడమ్‌కు ఒంట్లో బాగాలేదన్నారు. జగదీశ్వర్‌కు చీఫ్ నుంచి కొత్త ఆర్డర్ వచ్చింది. చివరి డోసు రేపే. సెకండ్ షిఫ్టు దిగాక బారియర్ దగ్గరే ఉండి రీడింగ్ తీయాలి. అక్కడినుంచి కదలొద్దు. మిగతాది తను చూసుకుంటాడు.

మర్నాడు పొద్దున పోశం పెరట్లో కూర్చుని బూట్లకు బురద గీకుతూ, మాటల మధ్య సదయ్య సంగతి ఎత్తాడు. మంచి మనిషి, అన్యాయంగా పోయిండన్నాడు.

"పోయేటందుకు వారం ముంగట నాతోని ఒక మాటన్నడు. హైదరాబాదుల పెద్ద ఆఫీసర్‌కు ఫోన్ జేసి జెప్పిన పోశం, ఇగ ఫికర్ లేదు, మనిషిని పంపిస్త అన్నడు అని. మనిషైతే రాలె. సారే పోయిండు."

జగదీశ్వర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఆఫీసర్ పేరు చెప్పిండా బావ?"

"పేరు తెల్వదు. ఎవ్వలకు జెప్పకుండ్రి అన్నడట. గొంతు మెత్తగ, తండ్రి మాట్లాడినట్టే ఉన్నదని సార్ ఒకటే మురిసిండు."

సదయ్య పోయాకే తెలిసిందన్న మాట అబద్ధం. సదయ్య ఫోన్ చేసింది చీఫ్‌కే. చేసిన వారంలో చచ్చిపోయాడు. ప్రసూన సందేశం పంపింది చీఫ్‌కే. పౌడర్ డబ్బా సంగతి తను చెప్పిన మర్నాడే ఆమె మాయమైంది. ఇక మిగిలింది తనొక్కడు. తనను బారియర్ దగ్గర నిలబడి ఉండమన్నాడు.

అరగంట సేపు జగదీశ్వర్ పెరట్లోంచి కదల్లేదు. పాడె పట్టిన చేతులే కళ్ల ముందు కదిలాయి. తరవాత లేచి, గుండీ కెమెరా ఉన్న చొక్కా విడిచి అక్క ఉతకబోయే బట్టల్లో వేశాడు. ఇంక్లైన్‌కు వెళ్లి, దిగేవాళ్లంతా ఫోన్లు పెట్టిపోయే ల్యాంప్ రూమ్‌లో తన ఫోన్ పెట్టేశాడు. దాని సిగ్నల్ చూసేవాడికి తను లోపలికి దిగినట్టే లెక్క. అక్కడినుంచి పోశం బండి తీసుకుని జ్యోతినగర్‌లోని టెర్రావీన్ గెస్ట్ హౌస్‌కు బయల్దేరాడు. ప్రసూన ఉంటే అక్కడే ఉండాలి.

*

గెస్ట్ హౌస్‌కు భోజనాలు పంపే క్యాటరింగ్ వాళ్ల వ్యాను సందు మలుపులో ఆగి ఉంది. కాసేపటి తరవాత నెరిసిన మీసం, కాస్త వంగిన నడుము, తెల్లకోటుతో వెయిటర్ ఒకడు ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ట్రేలో లైమ్ సోడా గ్లాసులు.

క్రోన్ కిటికీ దగ్గర పెద్ద స్క్రీన్ ముందు నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, నున్నగా దువ్విన తెల్లజుట్టు. స్క్రీన్ మీద ఎర్రగీత మెల్లగా పైకి పాకుతోంది. సోఫాలో ప్రసూన. వెనక ఒక కాపలావాడు. ఆమె పెదవి లిప్‌స్టిక్ కింద చిట్లి ఉంది. టీపాయ్ మీద పౌడర్ డబ్బా రెండు ముక్కలై పడి ఉంది.

వెయిటర్ ఆమె ముందు గ్లాసు పెట్టాడు. ఆమె అతని చేతిని చూసింది. ముఖం వైపు చూడలేదు.

"సోడా వద్దు," అంది విసుగ్గా. "సోడా అంతా ముందే పారబోయించాను. ఈ పూట అందరికీ నిమ్మరసమే."

"అట్లనే మేడమ్."

"స్ట్రాలో గింజ ఇరుక్కుంది చూడు. పైనుంచి ఎంత పోస్తే ఏం లాభం? కింది చివర తెరిస్తేనే రసం కదులుతుంది. ఆ మాత్రం తెలియదా?"

కాపలావాడు నవ్వాడు. క్రోన్‌కు తెలుగు రాదు. జగదీశ్వర్ వంగి స్ట్రా మార్చాడు. అర్థమైంది. చివరి డోసు ట్యాంకర్లో ఉన్నది సోడా కాదు, యాసిడ్. ద్రావణాన్ని పరీక్షించి సర్టిఫై చేసే కెమిస్ట్ ఆమే, పట్టుబడక ముందే ఆ పని ముగించింది కాబట్టి ఇంకెవరికీ తెలియలేదు. కానీ డ్రెయిన్లు మూసుకుపోయి నీరు నిలిచిపోతే యాసిడ్ కూడా నిలిచిపోతుంది. సున్నం దాకా చేరదు. కింద ఒక్క డ్రెయినైనా తెరిచి నీటిని కదిలించాలి. సోడా ఏ దారిన వెళ్లిందో యాసిడ్ ఆ దారినే వస్తుంది.

అతను ట్రే తీసుకుని తిరిగేసరికి బయట కారు ఆగింది. కొనుగోలుదారు లోపలికి వచ్చాడు.

నరసింహమూర్తి తెల్లటి ఖద్దరు చొక్కాలో, ఏదో పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. క్రోన్ ఎదురెళ్లి చెయ్యి కలిపాడు. ఇంగ్లీషులో, మీ మనుషుల గొడవ తీరినట్టేనా అని అడిగాడు. ఒకరు మీ సోఫాలోనే ఉన్నారనీ, ఇంకొకడు ఈపాటికి బారియర్ దగ్గర రీడింగ్ తీస్తూ ఉంటాడనీ నరసింహమూర్తి జవాబిచ్చాడు. అతను చాలా నమ్మకమైనవాడు, చెప్పిన చోటి నుంచి కదలడని కూడా అన్నాడు. అంటూనే చెయ్యి చాచి వెయిటర్ ట్రేలోంచి ఒక గ్లాసు తీసుకున్నాడు. ముఖం చూడలేదు.

"ఎందుకు సర్?" అంది ప్రసూన తెలుగులో.

"ఇలాంటిది రేపు ఇంకెవరి చేతిలోనో ఉంటుందమ్మా. మన చేతిలో ఉంటే మేలు కదా," అన్నాడు ఆయన. "పనిచేస్తుందో లేదో చూడకుండా ఎలా తీసుకోను?"

వెయిటర్ తలుపు దాటాడు. వెనక ప్రసూన ఉంది. గనిలో సెకండ్ షిఫ్టు ఉంది. అతను తిరగలేదు.

సందు మలుపులో జ్యూస్ కొట్టువాడి ఫోన్ అడిగి తీసుకుని ఇన్‌స్పెక్టర్ సారలమ్మకు చేశాడు. సదయ్యను చంపించినవాళ్లు ఎక్కడున్నారో చెప్పాడు. లోపల ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎవరు మనవాళ్లో చెప్పాడు. ఆమె రెండు ప్రశ్నలు వేసి పెట్టేసింది.

*

పోశం ఇంక్లైన్ కిందనే, సెక్షన్ ఫోన్ దగ్గర దొరికాడు. జగదీశ్వర్ పరుగున వచ్చి, మనుషులందరినీ బయటికి పంపమన్నాడు. ఓవర్‌మన్‌కు ఆ అధికారం ఉంది. ఎందుకని పోశం అడిగాడు. స్క్రీన్ మీద అంతా బాగానే ఉంది కదా అన్నాడు.

"బావ, నేను మీటర్లు అమ్మేటోణ్ణి కాదు. గవర్నమెంటు గూఢచారిని. ఆ స్క్రీన్ అబద్ధం. బారియర్ పగలబోతున్నది."

పోశం క్యాప్ ల్యాంప్ వెలుగు అతని ముఖం మీద నిలిచింది. "నీకెప్పటి సంది ఎరుక?"

"వచ్చిన తెల్లారి సంది."

"గా రోజు నా పక్కన కూసోని తిన్నవు," అన్నాడు పోశం. ఇంకేం అడగలేదు. ఫోన్ ఎత్తి, మిషన్లు ఎక్కడివక్కడ వదిలి జల్దిగా పైకి పొమ్మని సెక్షన్ తరవాత సెక్షన్‌కు చెప్పాడు. మనుషులు గుంపులుగా ఎదురొచ్చి, ప్రశ్నలేమీ వేయకుండా, మనుషుల్ని పైకి చేర్చే చైర్ లిఫ్ట్ వైపు సాగిపోయారు.

జగదీశ్వర్ డ్రిల్ రాడ్ భుజాన వేసుకుని బారియర్ వైపు కదిలాడు. వెనక బూట్ల చప్పుడు వినిపించింది.

"రాడ్ పట్టాల్నంటె ఇద్దరు గావాలె," అన్నాడు పోశం. అంతే.

బారియర్ దగ్గర ఇప్పుడు చుక్క కూడా రాలడం లేదు. గోడలోంచి టపటపమంటూ బొగ్గు పెచ్చులు ఊడుతున్నాయి. లోపల ఎక్కడో బరువైనది కదిలినట్టు మూలుగు వినిపించింది. ఇద్దరూ మధ్య పైపులో రాడ్ దించి తిప్పసాగారు. తెల్లటి పిండి రాలింది. రాడ్ ఒక జానెడు పోయి ఆగింది. మళ్లీ తిప్పారు. చేతులు బొబ్బలెక్కాయి. గోడ మూలుగు ఈసారి కాళ్ల కింద తెలిసింది. పోశం పళ్లు బిగించి తన బరువంతా రాడ్ మీద వేశాడు. రాడ్ ఒక్కసారిగా జారి లోపలికి పోయింది.

మొదట ఏమీ రాలేదు. తరవాత పాలలాంటి నీళ్లు వేలెడు లావున వచ్చాయి. కదిలాయి. కాసేపటికి నీటి రంగు మారింది. పైపు మూతి దగ్గర సోడాబుడ్డి కొట్టినట్టు నురగ పొంగింది. తుంపర పడ్డ చోట చర్మం మండింది. యాసిడ్ సున్నాన్ని తింటోంది.

ఆనందించడానికి ఊపిరి అందలేదు. సున్నం కరిగితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బరువైన వాయువు కదా, నేల మీద పేరుకుంటుంది. జగదీశ్వర్‌కు కళ్లు తిరిగాయి. మోకాళ్ల మీద పడబోతుంటే పోశం చంకల్లో చేతులు వేసి ఎత్తి, పైపుల స్టాండ్ మీదికి నెట్టాడు. తనూ ఎక్కాడు. ఇద్దరూ కప్పుకు ముఖాలు ఆనించి, గాలి వచ్చే వైపు నోళ్లు తెరిచి నిలబడ్డారు.

కింద పక్క పైపు దానంతటదే దగ్గినట్టు చప్పుడు చేసి ధార కట్టింది. తరవాత దాని పక్కది. జగదీశ్వర్ వంగి పెన్ను కుళాయికి ఆనించి పట్టుకున్నాడు. అంకె ఒక్కచోటే నిలబడింది. ఇంకా నిలబడింది. అప్పుడు తగ్గింది.

*

గెస్ట్ హౌస్‌లో జరిగింది తరవాత సారలమ్మ చెప్పింది. క్రోన్ అతిథి చేతనే డోసు బటన్ నొక్కించాడట. ఎర్రగీత పైకి ఎగబాకి, చివరి అడ్డగీతను తాకబోయి, అక్కడే తటపటాయించి, కిందికి వాలడం మొదలుపెట్టింది. క్రోన్ స్క్రీన్ తట్టి చూశాడు. వైర్లు లాగి చూశాడు. ప్రసూన లైమ్ సోడా గ్లాసు అందుకుని తాగడం మొదలుపెట్టింది. అప్పుడే పోలీసులు తలుపు నెట్టుకుని లోపలికి వచ్చారు. క్రోన్ కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. నరసింహమూర్తి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కార్డు తీసి చూపించి, తన ఏజెంట్లను కాపాడడానికి వచ్చానన్నాడు. గొంతు ఎంత నమ్మకంగా ఉందంటే, సారలమ్మ పక్కనున్న కానిస్టేబుల్ సెల్యూట్ చేశాడట. ఎవరు మనవాళ్లో ఫోన్‌లోనే విన్న సారలమ్మ మాత్రం ఆయన్ను కూడా జీపెక్కించింది.

గని మూడో నాడు మళ్లీ నడిచింది. డ్రెయిన్లు శుభ్రం చేయడానికి పని ఆపారని పేపర్లో చిన్న వార్త వచ్చింది.

ప్రసూనను సాగనంపడానికి జగదీశ్వర్ రామగుండం స్టేషన్‌కు వెళ్లాడు. ఆమె రమ్మనలేదు. మామూలు కాటన్ చీరలో, కళ్లద్దాలు లేకుండా, బెంచీ మీద కూర్చుని ఉంది. పెదవి మీద గాయం ఇంకా మానలేదు.

"మూడేళ్లు శత్రువుల మధ్య ఉన్నాను," అంది. "నిద్రలో కూడా తప్పుగా ఒక్క మాట రానివ్వలేదు. ఆ డబ్బా సంగతి ఒక్కడికే చెప్పాను."

"ఆయన మాట నమ్మాను."

"నమ్మావు. నా గురించి ఆయన్ను అడిగావు. నన్ను అడగలేదు."

రైలు వచ్చింది. ఆమె బ్యాగు తనే ఎత్తుకుంది. కిటికీ దగ్గర సీటు దొరికినా ఇటువైపు కూర్చోలేదు.

ఆ మధ్యాహ్నం కనకవ్వ అన్నం పెట్టింది. పోశం పక్కనే కూర్చుని, తల ఎత్తకుండా తిన్నాడు. కూర గిన్నె మాత్రం ఒకసారి ఇటు జరిపాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఇంకొక్కసారి ఎరుకుండి చెప్పకపోతివో, ఈ గడప తొక్కకు," అన్నాడు. జగదీశ్వర్ సరేనన్నాడు. బామ్మర్దిగా అన్నాడో ఏజెంట్‌గా అన్నాడో అతనికే తెలియలేదు.

హైదరాబాద్‌లో ఢిల్లీ నుంచి వచ్చిన కొత్త చీఫ్ పాత గది ఖాళీ చేయించుకుంటున్నాడు. నరసింహమూర్తి అనారోగ్యం వల్ల పదవీ విరమణ చేశారని రికార్డుల్లో ఉంటుందనీ, నిజంగా ఎక్కడ ఉంటారో అడగొద్దనీ చెప్పాడు. తరవాత కాస్త ఇబ్బందిగా సొరుగు లాగి, చేత్తో రాసిన ఒక కాగితం ఇచ్చాడు. అది జగదీశ్వర్‌కు శౌర్య పతకం ఇవ్వాలని చేసిన సిఫారసు. తేదీ ఎర్రమిట్ట మిషన్ అప్పగించిన రోజుదే. కింద నరసింహమూర్తి సంతకం. దేశం కోసం నీటిలో మునిగి ప్రాణాలర్పించిన యువకుడంటూ కంటతడి పెట్టించేలా రాశాడు.

జగదీశ్వర్ రెండుసార్లు చదివాడు. దీన్నేం చేయమంటారని కొత్త చీఫ్ అడిగాడు.

"మునిగి అన్నచోట తడిసి అని, ప్రాణాలు అన్నచోట చొక్కా అని మార్చండి సర్," అన్నాడు జగదీశ్వర్. "మిగతాదంతా ఆయన చేతి రాతే, వంక పెట్టడానికి లేదు."